వదిన చెప్పిన డెబ్భై కేజీలు

మా వదిన కొండ ఎక్కేటప్పుడు సైకిల్ మీద ఎక్కేది, దిగేటప్పుడు నడిచి దిగేది. చూసినవాళ్ళు నవ్వేవారు. ఊరి చివర మంచినీళ్ళ ట్యాంకు ఉన్న కొండ అది. వగరుస్తూ, చెమటలు కక్కుతూ, ఎవరు తనని దాటిపోతున్నా పట్టించుకోకుండా పైదాకా తొక్కేది. పైన అందరూ నీళ్ళు తాగి, ఫొటోలు దిగి, రయ్యిమని కిందికి జారిపోయేవారు. వదిన మాత్రం పసిపిల్లని బడికి తీసుకెళ్తున్నట్టు సైకిల్‌ని పక్కన నడిపించుకుంటూ దిగి వచ్చేది.

దానికి కారణం ఉంది. ఒకసారి దిగుతుంటే వెనక చక్రంలో స్పోకు ఒకటి టప్పుమని తెగింది. ఒక్క స్పోకుతో ఏం పోయింది అనుకుంటాం. ఆ రేసు సైకిళ్ళ సన్న చక్రాలకి ఉన్నవే ఇరవై. ఒకటి పోయేసరికి చక్రం మెలికలు తిరిగిపోయి, పక్క గొట్టానికి రాసుకుని, బండి మొత్తం వణికిపోయిందట. మోచెయ్యి దోక్కుపోయి ఇంటికొచ్చింది. రిపేరు షాపులో కొత్త స్పోకు వేసి బెండు తీశారు. మళ్ళీ తెగింది. అప్పటి నుంచీ ఈ కాలినడక.

వదిన అంటే మా ఆయనకి అక్క. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆ సైకిల్ కూడా ఒక కుర్రాడు దుబాయి వెళ్ళిపోతూ వదిలించుకుంటే కొన్నది. యాభై దాటిన మనిషి బిగుతు లాగు వేసుకుని సన్న టైర్ల సైకిల్ ఎక్కితే మా ఆయన పగలబడి నవ్వేవారు. "అక్కా, అది నిన్ను మోస్తోందా, నువ్వు దాన్ని మోస్తున్నావా?" అనేవారు. "నువ్వు మోయవుగా, నోరు మూసుకో" అనేది వదిన.

ఆయన పోయాక వదిన తన ఇల్లు ఖాళీ చేసి, కుట్టుమిషన్లతో సహా మా ఇంటికి వచ్చేసింది. "మరదలికి తోడుగా వెళ్తున్నా" అని అందరికీ చెప్పింది. నాతో మాత్రం "నాకు అక్కడ ఊపిరాడట్లేదే" అంది. రెండూ నిజమే. ఆయన మంచం ఉండే చోట ఇప్పుడు బట్ట కత్తిరించే బల్ల ఉంది. కత్తిరించడం, కుట్టడం వదినవి. కాజాలు, గుండీలు, అంచు మడతలు నావి. మాటలన్నీ ఆవిడవే. నేను మొదట్నుంచీ మాట తక్కువ మనిషిని. ఉన్న ఆ కాస్తా కూడా ఆయనతో పాటే పోయింది. పొద్దున్నే టీకి ఇప్పటికీ అలవాటుగా మూడు గ్లాసుల నీళ్ళు పోసేస్తుంటాను. మూడో గ్లాసు వదిన ఏమీ అనకుండా తాగేస్తుంది.

ఇంకో సంగతి. ఒకప్పుడు దారిన పోయే ప్రతి మగవాడినీ "తమ్ముడూ" అని పిలిచేది. ఇప్పుడు "బాబూ" అంటుంది. నేను గమనించానని ఆవిడకి తెలుసు. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒక ఆదివారం కొండ నుంచి వచ్చి, సైకిల్‌ని గోడకి ఆనించి, బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూలబడింది.

"ఇంక నా వల్ల కాదే. కింద వాళ్ళంతా నా కోసం కాచుకుని కూర్చుంటున్నారు. పెళ్ళికూతురు వచ్చినట్టు నేను నడిచొస్తుంటే చప్పట్లు కొడుతున్నారు. ఒక్కసారి మంచి చక్రాలు చేయించుకుని చూస్తా. అప్పటికీ దిగలేకపోతే అమ్మేస్తా."

అమ్మేస్తా అన్నప్పుడు నా వైపు చూడలేదు. సైకిల్ వైపూ చూడలేదు.

సైకిల్ పోతే ఆదివారాలు వదిన ఇంట్లోనే ఉంటుంది కదా, నాకు మంచిదే అనిపించాలి. అనిపించలేదు. కొండ ఎక్కి వచ్చిన రోజు ఆవిడ మొహం ఎర్రగా కందిపోయి, కళ్ళు మెరుస్తుంటాయి. ఆ వెలుగుతోనే వారమంతా మా ఇల్లు నడుస్తోంది. అది ఆరిపోతే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గుండీలు కుట్టుకోవడమే మిగులుతుంది.

వదినతో కొండ ఎక్కే ఆదివారం గుంపులో లెక్కల టీచరు ఒకావిడ ఉంది. సన్నగా, పొడుగ్గా, గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. వదిన ఆవిడకి గాలిపటం అని పేరు పెట్టింది, వెనకాల మాత్రమే. చక్రాలు చేత్తో అల్లే మనిషి ఒకాయన ఉన్నాడని, తన చక్రాలు ఆయనే చేశాడని చెప్పి, మమ్మల్ని తీసుకెళ్ళింది ఆవిడే. "నువ్వూ రావే. నాకు రిమ్ములు చూసి కళ్ళు చెదిరితే వెనక్కి లాగడానికి ఒకరుండాలి" అని వదిన నన్నూ లాక్కుపోయింది.

మెట్ల కింద సొరంగంలాంటి గది. పైకప్పు నిండా చక్రాలు వేలాడుతున్నాయి. టైర్లు లేని చక్రాలు, స్పోకులు లేని రిమ్ములు. మనిషి తల వంచుకునే లోపలికి వెళ్ళాలి. బల్ల మీద ఇనప స్టాండుకి ఒక చక్రం బిగించి ఉంది. చక్రాలాయన కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. రండి అనలేదు, కూర్చోండి అనలేదు. వదిన సైకిల్ వెనక చక్రాన్ని గిర్రున తిప్పి, రెండు వేళ్ళతో స్పోకుల్ని జతలు జతలుగా నొక్కి చూశాడు.

"ఇది మిషన్ అల్లిన చక్రం. కొన్ని బిగుతు, కొన్ని వదులు. బిగుతుగా ఉన్నవి మొత్తం మోస్తాయి, వదులువి ఊరికే ఊగుతుంటాయి. మోసి మోసి ఏదో ఒకటి తెగుతుంది" అన్నాడు.

"మా ఇంట్లో కూడా అంతే బాబూ" అంది వదిన.

ఆయన నవ్వలేదు. ప్రశ్నలు మొదలుపెట్టాడు. రోడ్డు ఎలాంటిది? గుంటలున్నాయా? కొండ ఎక్కేటప్పుడు సీటు మీద నుంచి లేచి తొక్కుతారా, కూర్చునే తొక్కుతారా? వానలో తిరుగుతారా? వదిన అన్నిటికీ హుషారుగా చెబుతోంది. రిమ్ములు చూపిస్తే, బట్ట నాణ్యం చూసినట్టు గోటితో గీరింది, వెలుగులో తిప్పింది. వేలితో చుట్టూ తడిమి ఒకచోట ఆపి, "ఇక్కడ అతుకు ఉంది కదూ?" అంది. చక్రాలాయన మొహం మొదటిసారి విప్పారింది. "కళ్ళకి కనబడదమ్మా అది. వేలికి దొరికిందంటే..." అని ఇంకో రిమ్ము తీసి చేతికిచ్చాడు. ఇద్దరూ అతుకుల గురించి కాసేపు సొంత మనుషుల్లా మాట్లాడుకున్నారు.

అప్పుడు అడిగాడు. "మీ బరువెంతమ్మా?"

వదిన గాలిపటం వైపు చూసింది. ఆవిడ వెంట తెచ్చుకున్న తన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎముకలు తేలిన చేతులు దాని మీద వేసుకుని, మా వైపే చూస్తోంది.

"డెబ్భై ఉంటుందేమో. అటూ ఇటూ."

"అటా, ఇటా?"

"ఇటే" అంది వదిన, చెయ్యి కిందికి చూపించి.

నేను పైన వేలాడుతున్న రిమ్ముల వైపు చూస్తూ నిలబడ్డాను. అంతకు కొన్నాళ్ళ ముందే బీపీ చూపించుకోవడానికి ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. అక్కడి నర్సు కాటా చూసి హాలంతా వినబడేలా "ఎనభై ఆరు!" అని కేకేసింది. వదిన ఆ కాటా పాడైపోయిందని బయటికొచ్చేదాకా వాదించింది.

చక్రాలాయన తల ఊపాడు. "డెబ్భై అయితే వెనక ఇరవై నాలుగు స్పోకులు చాలు. సన్నవే వేయొచ్చు. తేలిగ్గా ఉంటుంది, చూడ్డానికీ బాగుంటుంది."

చూడ్డానికీ బాగుంటుంది అనగానే వదిన మొహం వెలిగిపోయింది.

ఇంటికొచ్చాక పప్పు గిన్నె పొయ్యి మీద పెడుతూ, ధైర్యం కూడగట్టుకుని అన్నాను. "వదినా, అక్కడ డెబ్భై అన్నారు."

"అన్నాను. ఆ గాలిపటం ముందు నిజం చెప్పమంటావా? దాని ఒళ్ళు నా కుడికాలంత ఉండదు."

"ఇప్పుడు ఫోన్ చేసి చెప్పొచ్చుగా."

"చెబితే రోడ్డు రోలరుకి వేసినట్టు బండ చక్రం వేస్తాడు. అయినా ఆయన అల్లేసరికి నేను తగ్గుతాగా! ఇవాళ్టి నుంచి నాకు సగం పెట్టు."

సగమే పెట్టాను. ఆ పూట గడిచింది. మర్నాడు మధ్యాహ్నం కత్తెర పక్కన పెట్టి వంటింట్లోకి వచ్చి, "ఏమే, గిన్నె అడుగున మిగిలింది పారేస్తావా ఏంటి?" అంది. పారేసే అలవాటు మా ఇంట్లో లేదు. అలా ప్రతి పూటా సగం పళ్ళెంలోనూ, మిగతా సగం గిన్నెలోనూ తింది.

ఆ వారమే ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చింది. ఆసుపత్రిలో ఆయాగా చేరిందట, యూనిఫారం కావాలి. వదిన టేపు చుట్టగానే ఆవిడ పొట్ట లోపలికి బిగబట్టింది. వదిన టేపు వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఊపిరి వదలమ్మా. రేపు వేసుకున్నాక ఊపిరి పీల్చవా? కొలత నా కోసమా, నీ కోసమా?"

ఆవిడ సిగ్గుపడి వదిలింది. నేను మూలన గుండీ కుడుతూ వదిన వైపు చూశాను. వదిన నన్ను చూడకుండా కొలత రాసుకుంది. ఆ సాయంత్రం ఫోన్ చేస్తుందేమో అనుకున్నాను. చేయలేదు. దారం అయిపోయిందని బజారుకెళ్ళింది.

నాకు మనసు మనసులో లేదు. చక్రం కొండ ఎక్కేటప్పుడు ఎలాగూ ఏమీ అనదు. దిగేటప్పుడే అంటుంది. ఈసారి మోచెయ్యితో పోకపోతే? ఆ ఆలోచన వచ్చాక అది పొయ్యి దగ్గరా, పంపు దగ్గరా నా వెంటే తిరిగింది. వదిన ఇంట్లో లేనప్పుడు చూసి, ఆవిడ బల్ల మీద పెట్టిన చక్రాలాయన కార్డులో నంబరు వెతికి, ఒక్కొక్క అంకే నొక్కాను. మా ఆయన పోయాక చుట్టాలకి తప్ప ఎవరికీ ఫోన్ చేయలేదు నేను.

"నేనండీ... టైలరుగారి మరదల్ని. మొన్న వచ్చాం."

"చెప్పండమ్మా. రేపు అల్లడం మొదలుపెడదామనుకుంటున్నా."

ఎనభై ఆరు అన్న మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఒక ఆడమనిషి దాచుకున్న బరువు, ఆవిడ వెనకాల, పరాయి మగవాడికి ఎలా చెప్పను? నోటికి ఇంకేదో వచ్చేసింది.

"ఆవిడ సైకిల్ మీద బట్టల సంచి ఒకటి ఉంటుందండీ. అది చెప్పడం మర్చిపోయారు."

"ఎంత ఉంటుంది?"

"పదహారు కేజీలు."

"కొండ ఎక్కేటప్పుడు కూడానా?"

"కూడానండీ."

"కొండ మీద బట్టలెవరికమ్మా? అక్కడ నీళ్ళ ట్యాంకు తప్ప ఏముంది?"

"ఎక్కడికెళ్ళినా అది వెంటే ఉంటుందండీ" అన్నాను.

అటు వైపు పెన్సిలుతో ఏదో రాసుకుంటున్న చప్పుడు వినబడింది. "సరే. అలా అయితే వెనక ముప్ఫై రెండు స్పోకులు వేయాలి. రిమ్ము కూడా మారుస్తా. మంచిపని చేశారు, అల్లాక చెప్పుంటే మొత్తం విప్పాల్సొచ్చేది."

"చూడ్డానికి బండగా ఉంటుందాండీ?"

"ఎందుకుంటుంది? అదే నలుపు."

ఫోన్ పెట్టేసి మంచినీళ్ళు తాగాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు అనిపించింది. సంచి ఏదీ అని ఆయన అడిగితే ఏం చెప్పాలో మాత్రం తట్టలేదు.

అడగనే అడిగాడు. చక్రాలు తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజు గాలిపటం కూడా అక్కడే ఉంది, తన చక్రం బ్రేకుకి రాసుకుంటోందని. చక్రాలాయన వదిన సైకిల్‌కి కొత్త చక్రాలు బిగించి, తిప్పి వదిలాడు. చప్పుడు లేదు. గాలిలో తిరుగుతున్నట్టు తిరిగి తిరిగి, ఎంతకీ ఆగలేదు. వదిన కళ్ళార్పకుండా చూసింది.

"రేపోసారి సంచితో సహా తీసుకురండమ్మా. ఆ బరువు వెనక ఎలా పడుతుందో చూస్తాను" అన్నాడాయన.

"ఏ సంచి?"

"అదే, బట్టల సంచి. మీ మరదలుగారు ఫోన్ చేసి చెప్పారుగా. పదహారు కేజీలు, ఎప్పుడూ వెంటే ఉంటుందని."

వదిన నా వైపు తిరిగింది. నేను నేల వైపు తిరిగాను. డెబ్భైకి పదహారు కలపడం, రోజంతా కొలతలు కూడే మనిషికి ఎంతసేపు? ఆవిడ చూపు నా మీద నుంచి వెనక చక్రం మీదికి వెళ్ళింది. స్పోకులు ఒత్తుగా ఉన్నాయి. ఇప్పుడు నన్ను నాలుగు దులిపి, సైకిల్ అక్కడే వదిలేసి పోతుందనుకున్నాను.

వదిన రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది.

"ఆ సంచి ఇదే బాబూ. విప్పి చూపించడానికి రాదు. ఒంటికే కుట్టేసి ఉంది."

చక్రాలాయన కళ్ళజోడు తీసేశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆ మనిషి నవ్వగలడని నాకు తెలిసింది. బల్ల పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వు అయ్యాక కోపం వచ్చింది. "ఇది హాస్యం కాదమ్మా! డెబ్భైకే అల్లుంటే, నెల తిరక్కుండా మళ్ళీ తెగేది. బరువు నాకెందుకు, పెళ్ళిచూపులకా?"

అప్పుడు గాలిపటం నెమ్మదిగా చెయ్యి ఎత్తింది, క్లాసులో పిల్లలు ఎత్తినట్టు.

"నేను కూడా... యాభై అయిదు అని చెప్పాను మీకు. నలభై నాలుగే."

"మీరు ఎక్కువ చెప్పారా?" చక్రాలాయన నోరు తెరిచాడు. "ఎందుకమ్మా?"

"అందరూ తినట్లేదా, జబ్బా అని అడుగుతారు. తింటానండీ. బాగానే తింటాను."

"అందుకేనన్నమాట గుంటలు తగిలితే ఒళ్ళంతా అదురుతోందని అంటారు!" ఆయన తల పట్టుకున్నాడు. "అంత బిగువైన చక్రం మీకు దేనికి?"

వదిన గాలిపటాన్ని కింది నుంచి పైకి చూసింది. "నా పదహారులో ఒక అయిదు తీసుకోవే తల్లీ, ఇద్దరికీ సుఖం" అంది. వాళ్ళిద్దరూ నిజంగా స్నేహితులయింది ఆ పూటే.

ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం వదిన చాలాసేపు మాట్లాడలేదు. మామూలుగా నేను నడిచే తీరులో ఆవిడ నడుస్తోంది, సైకిల్ ఇద్దరి మధ్యా ఉంది. మలుపు తిరిగాక అంది.

"పదహారని ఎలా చెప్పావే?"

"నర్సు గట్టిగా చదివింది కదా."

"అబద్ధం కూడా గ్రాము తేడా రాకుండా ఆడావన్నమాట." కొంచెం ఆగి, "నాతో పొద్దస్తమానం ఊ, ఆ తప్ప మాట్లాడవు. ఎవరో మగమనిషికి ఫోన్ చేసి ఇంత కథ అల్లావా?" అంది.

"భయమేసింది వదినా."

"దేనికి?"

"మీరు కూడా పోతే నేనెవరితో తినాలి?"

ఇలా అనాలని అనుకోలేదు. నోరు జారిపోయింది. వదిన సైకిల్ ఆపింది. హ్యాండిల్ మీద లేని దుమ్ము తుడిచింది.

"సరేలే. దారి చూసుకుని నడు. బండి వస్తోంది" అంది చివరికి.

ఆ ఆదివారం నేనూ కొండ దగ్గరికి వెళ్ళాను. పొద్దున్నే బస్సెక్కి, కొండ కింద టీ కొట్టు బయట బెంచీ మీద కూర్చున్నాను. గుంపు పైకి వెళ్ళడం చూశాను. అందరికంటే వెనక వదిన, ఆవిడ పక్కనే కావాలని నెమ్మదిగా తొక్కుతూ లెక్కల టీచరు. వాళ్ళు మలుపు తిరిగాక రోడ్డు ఖాళీ అయింది. టీ చల్లారిపోయింది, తాగబుద్ధి కాలేదు. వచ్చే ప్రతి చప్పుడుకీ లేచి నిలబడ్డాను. పాల వ్యాను వచ్చింది. ఎవరో స్కూటరు మీద వెళ్ళారు. తరవాత గుంపులో వాళ్ళు ఒక్కొక్కరే జారి వచ్చి బెంచీ చుట్టూ ఆగారు. లెక్కల టీచరు కూడా వచ్చేసింది.

"ఆవిడ ఏరి?" అన్నాను.

"పైన నిలబడి ఉన్నారు. మీరు పదండి, నేను వస్తానన్నారు."

నడిచి వస్తోందేమో అనుకున్నాను. నడిచి వస్తే ఎంతసేపవుతుందో అందరికీ తెలుసు. ఒకాయన అప్పుడే ఇంకో టీ చెప్పాడు.

అంతలో పై మలుపు దగ్గర వదిన కనబడింది. సైకిల్ మీద. మొదట రెండు బ్రేకులూ పట్టుకుని, ఒళ్ళంతా బిగబట్టుకుని, చెప్పులు కుట్టే మనిషిలా ముందుకు వంగి వస్తోంది. రెండో మలుపు దాటాక భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఆ తరవాత బ్రేకుల మీది వేళ్ళు విడిపోయినట్టున్నాయి, ఒక్కసారిగా వేగం అందుకుంది. కిర్రు లేదు, టిక్కు లేదు. గాలి చప్పుడు మాత్రమే. గుంపు చప్పట్లు కొట్టబోయి మర్చిపోయింది.

నేను నీళ్ళ సీసా పట్టుకుని రోడ్డు అంచుకి వెళ్ళి చెయ్యి చాపాను. వదిన నన్ను చూసింది. నోరు తెరిచి నవ్వుతోంది, కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల వైపు పోతున్నాయి. ఆగలేదు. నా చీర కొంగుని ఎగరేసుకుంటూ దాటిపోయింది. చదును రోడ్డు మీద కూడా తొక్కకుండా అలా పోతూనే ఉంది, చక్రాలు వాటంతట అవి ఆగేదాకా చూడాలన్నట్టు.

"ఎక్కడికండీ ఆవిడ?" అన్నాడు టీ చెప్పినాయన.

"వస్తుంది" అన్నాను.

బెంచీ మీద కూర్చుని, సీసా మూత తీసి సగం నీళ్ళు నేనే తాగేశాను. పక్కన లెక్కల టీచరుకి కొంచెం చోటిచ్చి, వదిన మొదటిసారి స్పోకు తెగిన రోజు ఇంటికొచ్చి ఏమేం తిట్టిందో చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ నవ్వుతోంది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.